భూమే మూలధనం: సీఆర్‌డీఏ నిధుల కథ, ఒక కేస్ స్టడీ

పట్టణాభివృద్ధి సంస్థల ఆర్థిక పత్రాలు చదవడం, వాటి అప్పులు తీరే దారి లెక్కగట్టడం నా వృత్తి. ఇళ్లకూ రోడ్లకూ మంచినీటి పైపులకూ డబ్బు తేవడానికి కొత్తగా ఒక ప్రాంతీయ సంస్థ పెడదామనుకునేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది, చట్టంలో ఏయే అధికారాలు రాయాలని. నేను ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థకు, అంటే సీఆర్‌డీఏకు చెందిన రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చూడమంటాను. ఒకటి 2018లో అప్పు తీసుకుంటూ మదుపరులకు ఇచ్చిన బాండు పత్రం. రెండోది రాజధానికి భూమి అప్పగిస్తూ రైతు సంతకం చేసిన ఒప్పందం, అంటే 9.14 ఫారం. రెండూ ఒకే సంస్థ ఇచ్చిన మాటలే. మొదటి మాట నిలబడటానికి పూచీకత్తు, మదుపరుల తరఫున కాపలా కాసే ట్రస్టీ, విడిగా కట్టిన ఖాతా ఉన్నాయి. రెండో మాట నిలబెట్టించుకోవడానికి రైతులు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఈ కేసులో నేర్చుకోవలసినదంతా ఆ తేడాలోనే ఉందని నా నమ్మకం.

చేతిలో డబ్బు లేదు, ఎదురుగా భూమి ఉంది

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. పదేళ్ల వరకు హైదరాబాద్ ఉమ్మడి రాజధాని అని చట్టం చెప్పింది గానీ, కొత్త రాజధాని కట్టడానికి కావలసిన సొమ్ము ఖజానాలో లేదు. విభజన చట్టం ప్రకారం కేంద్రం నుంచి వచ్చిన 2,500 కోట్లలో 1,500 కోట్లు రాజధానికి, 1,000 కోట్లు విజయవాడ, గుంటూరు నగరాల డ్రైనేజీకి. ఒక నగరాన్ని పునాదుల నుంచి లేపడానికి అది ఏ మూలకూ చాలదు.

భూసేకరణకు కూడా దారి ఇరుకే. 2013 నాటి భూసేకరణ చట్టం అప్పటికే అమల్లోకి వచ్చింది. సామాజిక ప్రభావ అంచనా, పునరావాసం, మార్కెట్ విలువకు ఎన్నో రెట్ల పరిహారం, ఇవన్నీ ముందే నగదుగా చూపించాలి. వేల ఎకరాలకు అంత నగదు తెచ్చే స్థితి ఆ ప్రభుత్వానికి లేదు. అందుకే భూ సమీకరణ. రైతు భూమి ఇస్తాడు, సంస్థ దాన్ని అభివృద్ధి చేసి, కొంత భాగాన్ని రోడ్డూ కరెంటూ నీళ్లూ ఉన్న ప్లాట్లుగా తిరిగి ఇస్తుంది. మిగిలిన దాంట్లో కొంత అమ్మి ఖర్చు రాబట్టుకుంటుంది.

కృష్ణా తీరాన మూడు పంటలు పండే నేలను నగరంగా మార్చడం తగునా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. రాజధాని ఎక్కడ ఉండాలో పరిశీలించడానికి కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ హెచ్చరిక ఉంది. ఆ చర్చ చిన్నదేమీ కాదు. కానీ ఈ వ్యాసం సంస్థ గురించి, దాని డబ్బు గురించి కాబట్టి ఆ నిర్ణయం జరిగిపోయిన చోటి నుంచే మొదలుపెడుతున్నాను.

2014 డిసెంబరు 30న సీఆర్‌డీఏ చట్టం అమల్లోకి వచ్చింది. 1978 నుంచి ఉన్న పట్టణాభివృద్ధి సంస్థ వీజీటీఎం ఉడా (విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి) అందులో కలిసిపోయింది. పరిధి 8,352.69 చదరపు కిలోమీటర్లు. అందులో రాజధాని నగరం 217.23 చదరపు కిలోమీటర్లు, 29 గ్రామాలు. సంస్థకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి. పనులు చేయించే బాధ్యత తర్వాత అమరావతి అభివృద్ధి కార్పొరేషన్‌కు, అంటే ఏడీసీకి వచ్చింది. పాత ఉడా ప్రధానంగా లేఅవుట్లకూ భవనాలకూ అనుమతులిచ్చే కార్యాలయం. దాని స్థానంలో భూమి తీసుకునే, అప్పు చేసే, నగరం కట్టే సంస్థ నిలబడింది. మారింది పేరు ఒక్కటే అనుకుంటే పొరపాటు.

ఎకరం భూమికి లెక్క

ఈ నమూనా బలం, బలహీనత రెండూ ఒక్క ఎకరంలో కనిపిస్తాయి. ఎకరానికి 4,840 గజాలు. మెట్ట భూమి ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి వస్తాయి. ఏడాదంతా నీటి వసతి ఉండే జరీబు భూమైతే 1,000, 450. అంటే మెట్ట రైతుకు ఇచ్చిన భూమిలో సుమారు 26 శాతం, జరీబు రైతుకు 30 శాతం.

మిగతాదంతా సంస్థకు లాభమేగా అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చట్టం చూడాలి. సమీకరణ విస్తీర్ణంలో 30 శాతం రోడ్లకు, 10 శాతం పార్కులకు, ఆటస్థలాలకు, 5 శాతం బడులూ ఆసుపత్రుల వంటి సామాజిక సదుపాయాలకు, కనీసం 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలి. అక్కడికే సగం పోయింది. రైతు వాటా తీసేస్తే స్థూలంగా ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు మిగులుతుంది. సచివాలయం, హైకోర్టు, ఉద్యోగుల క్వార్టర్లు అందులోనే. అమ్ముకోవడానికి దొరికేది ఆ మిగిలినదాంట్లో మిగిలినది.

ఆ స్థలానికి ధర ఎప్పుడు వస్తుంది? రోడ్డు పడి, కరెంటు వచ్చి, పక్కన ఒక కార్యాలయమో కాలేజీయో తెరిచాక. రోడ్డు వేయాలంటే డబ్బు కావాలి. డబ్బు రావాలంటే స్థలం అమ్ముడుపోవాలి. ఈ ముడి విప్పడానికి మొదటి ఏడెనిమిదేళ్లు ఎవరో ఒకరు చేతి నుంచి పెట్టుబడి పెట్టాలి, అదీ ఆపకుండా. భూమినే మూలధనంగా నమ్ముకున్న సంస్థకు అన్నింటికంటే పెద్ద ప్రమాదం మధ్యలో ఆగిపోవడం.

దీనికి హైదరాబాద్ ఉదాహరణ పక్కన పెట్టి చూడండి. 2008లో అక్కడి పాత పట్టణాభివృద్ధి సంస్థ హుడాను, మరి మూడు సంస్థలను కలిపితే మహానగర అభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ ఏర్పడింది. అక్కడా భూముల వేలం పెద్ద ఆదాయమే. కానీ దాని దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ఇచ్చిన అప్పు కూడా వాడి కట్టిన రోడ్డది, రోజూ టోల్ తెస్తుంది. 2023లో ఆ టోల్ హక్కును 30 ఏళ్లకు ఇచ్చి 7,380 కోట్లు ఒకేసారి తెచ్చుకున్నారు. ఆ ఒప్పందం ధర సరిపోయిందా అన్న వివాదం వేరు. నేను చూసేది ఒక్కటే: భూముల ధర పడిపోయిన ఏడాది కూడా ఆ సంస్థకు రాబడి తెచ్చే ఆస్తి ఒకటుంది. సీఆర్‌డీఏకు పుట్టుకతో అలాంటిదేమీ లేదు.

రైతుల వైపు నుంచి చూస్తే

2015 జనవరి 1న సమీకరణ నిబంధనలు వచ్చాయి. కొద్ది నెలల్లోనే 30 వేల ఎకరాలు దాటాయి, తర్వాత 34 వేల ఎకరాలకు చేరాయి. ఇచ్చిన రైతులు 28 వేల మందికి పైగా. వీళ్లలో సగానికి పైగా ఎకరం లోపు కమతాల వాళ్లు. నగరం వస్తుందన్న ఆశతో ఇచ్చినవాళ్లున్నారు, సేకరణలో పోతుందేమోనన్న భయంతో ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఇవ్వబోమని నిలబడినవాళ్లూ ఉన్నారు.

కాగితాల వరస ఇలా నడిచింది. సమ్మతి తెలుపుతూ 9.3 ఫారం. ఆ తర్వాత అభివృద్ధి ఒప్పందం, దాంతో పాటే రద్దు చేయడానికి వీల్లేని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అదే 9.14. చివరికి ప్లాటు యాజమాన్య ధ్రువపత్రం. 2016 జూన్‌లో నేలపాడుతో మొదలుపెట్టి కంప్యూటర్ లాటరీ ద్వారా ప్లాట్లు కేటాయించారు. అంత భూమిని ఊరూరా సమావేశాలతో, సంతకాలతో సమీకరించి, నంబర్లతో సహా ప్లాట్లు కేటాయించడం మామూలు విషయం కాదు. ఆ పని చేసిన డిప్యూటీ కలెక్టర్లనూ సర్వేయర్లనూ నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ప్లాటు చేతికొచ్చి ధర పలికేదాకా రైతు బతకాలి కదా. దానికి పదేళ్ల కౌలు: మెట్టకు ఎకరానికి ఏడాదికి 30,000 రూపాయలు, ఏటా 3,000 పెంపు. జరీబుకు 50,000, ఏటా 5,000 పెంపు. భూమి లేని కూలి కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 పింఛను.

కూడి చూస్తే జరీబు ఎకరానికి పదేళ్లలో 7,25,000 రూపాయలు, మెట్ట ఎకరానికి 4,35,000. భూమంతా మెట్టే అనుకుంటే 34 వేల ఎకరాలకు పదేళ్ల కౌలు సుమారు 1,480 కోట్లు. అంతా జరీబే అనుకుంటే 2,465 కోట్లు. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ అంకెలు గుర్తుంచుకోండి. కాసేపట్లో వీటి పక్కన ఇంకొకటి పెట్టాలి.

బాండ్లు

2018 ఆగస్టు 14న బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ వేదిక మీద అమరావతి బాండ్లు వచ్చాయి. అడిగింది 1,300 కోట్లు, అదనంగా 700 కోట్ల వరకు తీసుకునే వీలు పెట్టుకున్నారు. ఒకటిన్నర రెట్లు స్పందన రావడంతో మొత్తం 2,000 కోట్లు తీసుకున్నారు. వడ్డీ 10.32 శాతం, మూడు నెలలకోసారి చెల్లింపు. అంటే ఏడాదికి 206 కోట్ల 40 లక్షల వడ్డీ, మూడు నెలలకు 51 కోట్ల 60 లక్షలు. అసలు తీర్చడం ఐదేళ్ల తర్వాత మొదలవుతుంది.

వడ్డీ ఎక్కువని అప్పట్లో విమర్శలొచ్చాయి. అందులో నిజముంది. కానీ సొంత రాబడి లేని కొత్త సంస్థకు, అప్పటికి మట్టిదిబ్బలూ తాత్కాలిక భవనాలూ తప్ప చూపించడానికి ఏమీ లేని నగరానికి మార్కెట్ వేసే ధర అలాగే ఉంటుంది. మదుపరులు ఆ నగరం నమూనా బొమ్మ చూసి డబ్బు పెట్టలేదు. రాష్ట్ర ప్రభుత్వ పూచీకత్తు చూసి పెట్టారు. సంస్థ కట్టలేకపోతే రాష్ట్రం కట్టాలి. కిస్తీ తేదీకి ముందే ఖాతాలో సొమ్ము చేరిందా లేదా అని ట్రస్టీ చూస్తుంటాడు. చేరకపోతే అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే రేటింగు పడిపోతుంది, అది రాష్ట్రం చేసే మిగతా అప్పుల మీదా ప్రభావం చూపుతుంది. అందుకే ఏ ప్రభుత్వమున్నా ఆర్థిక శాఖ ఆ తేదీని మరిచిపోదు.

ఇప్పుడు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. బాండ్ల అసలు 2,000 కోట్లు. పదేళ్ల కౌలు మొత్తం 1,480 కోట్లకూ 2,465 కోట్లకూ మధ్య. మొదటి ఏడాది కౌలు మొత్తం భూమికి జరీబు రేటు కట్టినా 170 కోట్లు, బాండ్ల ఏడాది వడ్డీ కంటే తక్కువే. రెండూ ఒకే పరిమాణంలో ఉన్న బాధ్యతలు. ఒకదానికి ఇన్ని కట్టుబాట్లు, రెండోదానికి బడ్జెట్‌లో ఏటా ఒక పద్దు, దానిమీద ఒక జీవో. మదుపరి పెట్టింది డబ్బు. రైతు పెట్టింది నేల, అంటే సంస్థకున్న మూలధనమంతా. మరి రైతు ఈ సంస్థకు అప్పిచ్చినవాడు కాదా?

2019 తర్వాత

2019 మేలో ప్రభుత్వం మారింది. జులైలో కేంద్రం అభ్యర్థన వెనక్కి తీసుకోవడంతో ప్రపంచ బ్యాంకు ఇవ్వాలనుకున్న 30 కోట్ల డాలర్ల రుణ ప్రతిపాదన ఆగిపోయింది. దానికి తోడుగా రావలసిన ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 20 కోట్ల డాలర్లూ పోయాయి. నవంబరులో సింగపూర్ కన్సార్టియంతో స్టార్టప్ ప్రాంత ఒప్పందం ముగిసింది. డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన. 2020 జులై 31న సీఆర్‌డీఏ రద్దు చట్టానికి గవర్నరు ఆమోదం, దాని స్థానంలో అమరావతి మెట్రోపాలిటన్ ప్రాంత అభివృద్ధి సంస్థ. 2021 నవంబరులో ఆ చట్టాలను ప్రభుత్వమే ఉపసంహరించుకుంది, సీఆర్‌డీఏ మళ్లీ వచ్చింది.

ఇంత జరుగుతున్నా బాండ్ల వడ్డీ చెల్లింపు నడిచింది. సంస్థనే రద్దు చేసినా అప్పు రద్దు కాలేదు, కొత్త సంస్థ మీదికి వెళ్లింది. కౌలు మాత్రం మేలో రావలసింది నెలల తరబడి ఆలస్యమైంది. రైతులు ధర్నాలు చేశారు, కోర్టులో పిటిషన్లు వేశారు. పటంలో నంబరున్న రిటర్నబుల్ ప్లాటు (రైతుకు తిరిగి ఇచ్చే ప్లాటు) దగ్గరికి వెళ్తే కనిపించేది ముళ్లకంప. హద్దురాళ్లు ఎక్కడున్నాయో రైతుకే తెలియని పరిస్థితి. 2024లో ప్రభుత్వం మళ్లీ మారాక మొట్టమొదట చేపట్టిన పనుల్లో ఒకటి ఆ కంప కొట్టించడమే.

2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రైతులతో చేసుకున్న ఒప్పందానికి సంస్థా ప్రభుత్వమూ కట్టుబడాలని, రైతుల ప్లాట్లు మూడు నెలల్లో అభివృద్ధి చేసి ఇవ్వాలని, రాజధాని నగరాన్ని ఆరు నెలల్లో నిర్మించాలని, సమీకరించిన భూమిని రాజధాని అవసరాలకు తప్ప తాకట్టు పెట్టరాదని ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇచ్చింది. గడువుల సంగతి ఎలా ఉన్నా, 9.14 కాగితానికి బలం ఉందని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. రైతుకు అదే కొండంత అండ. అయితే అప్పటికి ఏడేళ్లు గడిచాయి. బాండుదారుడు తన హక్కు కోసం ఒక్క పిటిషనూ వేయాల్సిన పని పడలేదు.

ఇళ్ల సంగతి

నా దృష్టిలో ఈ సంస్థ అన్నింటికంటే తక్కువ ఆలోచించిన విషయం ఇళ్లు.

మధ్యతరగతికి హ్యాపీ నెస్ట్ అని నేలపాడులో 1,200 ఫ్లాట్ల ప్రాజెక్టు పెట్టారు. 2018 నవంబరులో ఆన్‌లైన్ బుకింగ్ తెరిస్తే మొదటి విడత చూస్తుండగానే అయిపోయింది. గిరాకీకి కొదవ లేదు. ప్రభుత్వం మారాక ప్రాజెక్టు ముందుకు సాగలేదు, అడ్వాన్సు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

పేదల ఇళ్లు టిడ్కో అనే మరో సంస్థ చేతిలో పెట్టారు. రాజధాని గ్రామాల్లో ఐదు వేలకు పైగా అపార్ట్‌మెంట్ ఇళ్లు తలపెట్టారు. భూమి ఒకరిది, ఇల్లు ఒకరిది, ఇంటి ముందు రోడ్డూ డ్రైనేజీ మరొకరివి. ఇలా పంచిన చోటల్లా గోడలు లేచి కాపురం పట్టని ఇళ్లు మిగులుతాయి. రాష్ట్రమంతటా టిడ్కో ఇళ్ల విషయంలో అదే చూశాం.

అసలు గొడవ ఆ 5 శాతం దగ్గర వచ్చింది. 34 వేల ఎకరాల్లో 5 శాతమంటే 1,700 ఎకరాలు. చిన్న మొత్తం కాదది. ఆ భూమి ఏ ఏ చోట్ల ఉంటుంది, అందులో ఇళ్లు ఎవరికి, రాజధాని గ్రామాల పేదలకా, బయటి వాళ్లకు కూడానా, కట్టడానికి సొమ్ము ఏ ఖాతా నుంచి అన్నది మొదట్లోనే తేల్చి, పటంలో గుర్తించి, రైతుల ముందు పెట్టి ఉండాల్సింది. అది జరగలేదు. 2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో పేదల ఇళ్ల కోసం ఆర్5 జోన్ ఏర్పాటు చేసి, మే 26న గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలు సుమారు 50 వేల మందికి మనిషికి సెంటు చొప్పున పట్టాలిచ్చారు. రైతులు కోర్టుకు వెళ్లారు. ఆగస్టులో ఇళ్ల నిర్మాణం మీద హైకోర్టు స్టే ఇచ్చింది.

ఒకవైపు భూమి ఇచ్చి ఎదురుచూస్తున్న చిన్న రైతు. మరోవైపు చేతిలో పట్టా ఉండి ఇల్లు కట్టుకోలేని కూలి మనిషి. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన తీరు నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. చట్టంలో ఇద్దరికీ చోటుంది. ఆ చోటును కాగితం మీది నుంచి నేల మీదికి తెచ్చే పని ఎవరూ సమయానికి చేయలేదు.

మళ్లీ మొదలు

2024 జూన్ తర్వాత డబ్బు వచ్చిన తీరు మొదటిసారి కంటే మెరుగ్గా ఉంది. జులైలో కేంద్ర బడ్జెట్ 15,000 కోట్లు బహుళపక్ష సంస్థల ద్వారా ఏర్పాటు చేస్తామంది. డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) 78 కోట్ల 88 లక్షల డాలర్లు మంజూరు చేశాయి. ఇళ్లకూ పట్టణాభివృద్ధికీ అప్పులిచ్చే కేంద్ర సంస్థ హడ్కో నుంచి 11,000 కోట్లు. ప్రపంచ బ్యాంకు, ఏడీబీ రుణాలు ఫలితాలకు ముడిపెట్టినవి. అనుకున్న పని జరిగి, దాన్ని తనిఖీ చేశాకే విడతలు విడుదలవుతాయి. మధ్యలో ఆపాలనుకునే ప్రభుత్వానికి ఇది కొంత అడ్డు. వడ్డీ కూడా బాండ్ల కంటే తేలిక.

రైతులకు కౌలు మరో ఐదేళ్లు పొడిగించారు. న్యాయమే. 2025లో రెండో విడత సమీకరణకూ ప్రభుత్వం కదిలింది. మొదటి విడత రైతుల ప్లాట్లకు రోడ్డూ నీళ్లూ పూర్తిగా చేరకముందే మరో విడత ఎందుకన్న ప్రశ్న ఆ ఊళ్లలో వినిపిస్తోంది. నా అభిప్రాయం కూడా వాళ్లతోనే.

కొత్తగా రాస్తే

రేపు ఇలాంటి సంస్థకు ముసాయిదా రాయమంటే నేను మొదట పట్టుబట్టేది కౌలు నిధి. పదేళ్ల కౌలు ఎంతో మొదటి రోజే లెక్క తేలుతుంది, పైన చూశాం. మొదటి మూడేళ్ల సొమ్ము ట్రస్టీ చేతిలోని ఖాతాలో ముందే వేయాలి. మిగతా ఏళ్లకు బాండ్లకు ఇచ్చినట్టే రాష్ట్ర పూచీకత్తు ఇవ్వాలి. తేదీ దాటితే వడ్డీ కట్టాలి. బాండుదారులకు రాసిన షరతులే రైతులకూ రాయమంటున్నాను, అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ అడగడం లేదు. అప్పుడు ఏ ప్రభుత్వం వచ్చినా ఆర్థిక శాఖ కౌలు తేదీని కూడా వడ్డీ తేదీలాగే చూస్తుంది.

రెండోది పనుల వరస. 217 చదరపు కిలోమీటర్లూ ఒకేసారి తవ్వితే ఎక్కడా ఏదీ పూర్తికాదు. ఒక జోన్ తీసుకుని, అక్కడి రైతుల ప్లాట్లకు రోడ్డు, డ్రైను, కరెంటు, నీళ్లు ఇచ్చి, రిజిస్ట్రేషన్లు పూర్తిచేసి, ఆ తర్వాత రెండో జోన్‌కు వెళ్లాలి. సంస్థ తన వాటా స్థలాలు అమ్ముకునే హక్కు కూడా ఆ జోన్ రైతుల ప్లాట్లు సిద్ధమయ్యాకే రావాలని చట్టంలోనే రాయాలి.

పేదల ఇళ్ల 5 శాతం సర్వే నంబర్లతో సహా మొదటి పటంలోనే ఉండాలి. అది ఒకే మూల గుట్టగా కాకుండా జోన్ జోన్‌లో ఉండాలి. కూలికి వెళ్లేవాళ్లు పనికి దగ్గరగా బతకాలి కాబట్టి.

ఇక అధ్యక్ష పీఠం. ముఖ్యమంత్రి అధ్యక్షుడైతే ఫైలు పరుగెడుతుంది, నిజమే. సీఆర్‌డీఏ తొలి రోజుల వేగానికి అదే కారణం. కానీ ఆ కుర్చీలో మనిషి మారిన రోజున సంస్థ మొత్తం మారిపోతుంది. రాజ్యాంగ 74వ సవరణ పెద్ద నగర ప్రాంతాల ప్రణాళికా కమిటీలో మూడింట రెండు వంతుల సభ్యులను మున్సిపాలిటీల, పంచాయతీల ప్రజాప్రతినిధుల నుంచే ఎన్నుకోమంటుంది. సీఆర్‌డీఏ పాలకవర్గంలో అలాంటి బలం లేదు. భూమి ఇచ్చిన 29 గ్రామాల తరఫున ఓటు వేయగలిగిన నలుగురు సభ్యులు బోర్డులో ఉండి ఉంటే, పనులు ఆపే తీర్మానం మీద వాళ్ల అసమ్మతి అయినా మినిట్స్‌లో నమోదయ్యేది. ఆ కాగితం కోర్టులో రైతుకు ఎంత పనికొచ్చేదో న్యాయవాదులకు చెప్పనక్కర్లేదు.

రాబడి గురించి ఒక్క మాట. సమీకరణ ప్రాంతంలో పెరిగే స్టాంపు డ్యూటీలో ఒక వాటా, ఖాళీ స్థలాల పన్నులో ఒక వాటా నేరుగా సంస్థ ఖాతాకు రావాలి. భూమి అమ్మితే తప్ప జీతాలు రాని సంస్థ, మార్కెట్ పడిపోయిన ఏడాది మంచి స్థలాన్ని చవగ్గా అమ్మేస్తుంది. రెండో విడతకు రైతుల దగ్గరికి వెళ్లే అధికారులు ఈసారి 9.14తో పాటు ట్రస్టీ ఖాతా నంబరు కూడా తీసుకెళ్తే, గ్రామసభలో సమాధానం చెప్పాల్సిన ప్రశ్నలు సగం తగ్గుతాయి.